రెండు పిడికిళ్ళ అప్పు

వేసవి సెలవుల్లో పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని వేగడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. మా చర్చిలో దానికో ఉపాయం ఉంది. మే నెలలో పదిరోజులపాటు సెలవుల బైబిలు బడి పెడతారు. పొద్దున్నే పిల్లల్ని అక్కడ దింపేసి తల్లులందరూ హాయిగా కాళ్ళు చాపుకుంటారు. ఆ అదృష్టం నాకు మాత్రం లేదు. "మీరు నవలలు రాస్తారు కదమ్మా, పిల్లలకి కథలు చెప్పడం మీకో లెక్కా?" అంటూ మా అయ్యగారు (పాస్టరుగారిని మేము అలాగే అంటాం) తొమ్మిదినించి పన్నెండేళ్ళలోపు పిల్లల్ని పన్నెండుమందిని నాకు అప్పగించేశారు. నవలల్లో మనుషులు నేను చెప్పినట్టు వింటారనీ, గుడివాడ పిల్లలు వినరనీ ఆయనకి ఎలా చెప్పను?

ఈసారి పాఠం పేరు 'గృహనిర్వాహకత్వం'.

ఆ మాట వినగానే మీకు ఆవకాయ జాడీలూ, చీరల మీద మరకలూ, నెలాఖరు ఖర్చులూ గుర్తొచ్చాయంటే తప్పు మీది కాదు. నాకూ అలాగే అయింది. తెలుగు బైబిల్లో ఆ మాట అర్థం వేరు. పూర్వం పెద్ద ఇళ్ళల్లో యజమాని తరఫున ధాన్యం, డబ్బు, పనివాళ్ళ తిండీతిప్పలూ చూసుకునే మనిషి ఒకడుండేవాడు. మన చల్లపల్లి జమీందారీ రోజుల్లో దివాన్‌జీ అనుకోండి. నడుముకి తాళాల గుత్తి వేలాడుతూ ఉంటుంది గానీ, ఆ తాళాలతో తెరిచే గదుల్లో ఒక్కటీ అతనిది కాదు. అతనే గృహనిర్వాహకుడు. మన జేబులో డబ్బూ, ఒంట్లో సత్తువా, పొలమూ, తెలివీ అన్నీ అలా అప్పజెప్పినవేననీ, ఎప్పుడో ఒకనాడు లెక్క చెప్పాలనీ పిల్లలకి నేర్పడం పాఠం ఉద్దేశం. పెద్దవాళ్ళకే ఎక్కని సంగతి పదిరోజుల్లో పిల్లలకి ఎక్కించాలన్నమాట!

దీనికి తలాంతుల కథ ఉండనే ఉంది. యజమాని పరదేశం వెళ్తూ ఒకడికి అయిదు తలాంతులు, ఒకడికి రెండు, ఒకడికి ఒకటి ఇచ్చి వెళ్ళాడు. మొదటి ఇద్దరూ వ్యాపారం చేసి రెట్టింపు చేశారు. మూడోవాడు భయపడి గొయ్యి తీసి పాతిపెట్టాడు. తిరిగొచ్చిన యజమాని, పోనీ వడ్డీకైనా వెయ్యకపోయావా అని వాణ్ణి చీవాట్లు పెట్టాడు. మా నాన్నగారికి ఈ కథంటే మహా ఇష్టం. ఆయన బందరులో బడిపంతులు. జీతం తేగానే పదోవంతు తీసి కవరులో పెట్టి, నోటుబుక్కులో రాసుకుని, తరవాతే అమ్మ చేతికిచ్చేవారు. "1923లో పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకు పెట్టిన ఊరు మనది. ఆ మూడోవాడు బందరులో పుట్టి ఉంటే ఇన్ని మాటలు పడేవాడు కాదు" అనేవారు. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అది చూడకుండానే నాన్నగారు వెళ్ళిపోయారు. ఒకందుకు మంచిదే.

తమాషా ఏమిటంటే, ఇంగ్లీషులో ప్రతిభని 'టాలెంట్' అనడం ఈ కథలోంచే వచ్చింది. అందుచేత తలాంతు అనగానే మా క్లాసు పిల్లలు పాటా, డాన్సూ అన్నారు. ఒక పిల్లాడు బండి మీద చేతులు వదిలేసి పోవడం అన్నాడు. అసలు తలాంతు అనేది ఒక తూకం. ఒక్క తలాంతు వెండి అంటే ఆ కాలపు కూలిమనిషికి ఇంచుమించు ఆరువేల రోజుల కూలి. అంటే ఒకటే ఇచ్చారని ఏడ్చిన మూడోవాడికి కూడా జన్మకి సరిపడా ముట్టిందన్నమాట. ఈ లెక్క చెప్పగానే పిల్లల కళ్ళు ఇంతింతయ్యాయి. ఆ కళ్ళు చూసి నాకు ఉత్సాహం వచ్చింది. ఉత్సాహంలో నేను చేసే పనులన్నీ తరవాత మావారు సర్దవలసినవే.

మావారిచేత బ్యాంకునించి పదమూడు కొత్త వందనోట్లు తెప్పించాను. పిల్లలకి తలా ఒకటి ఇచ్చాను. పదమూడోది నేను తీసుకున్నాను, టీచరు కూడా లెక్క చెప్పాలి కదా అని. జూన్ ఆఖరి ఆదివారానికి అసలు తెచ్చి ఇచ్చెయ్యాలి, పైన వచ్చింది పంటపండుగ కానుకల్లో వెయ్యాలి, ఎలా వచ్చిందో చెప్పాలి. అంతే షరతు.

ఆ ఆదివారం మా క్లాసు చూసి తీరవలసిందే! ఒకడు ఎండల్లో ఇంటి అరుగు మీద నిమ్మకాయ షర్బత్తు అమ్మి రెండువందల పది తెచ్చాడు. పంచదార వాళ్ళమ్మదని అడిగితే గానీ చెప్పలేదు. ఒకమ్మాయి మామిడికాయ ముక్కలకి ఉప్పూకారం రాసి అమ్మింది, కొన్నవాళ్ళకంటె తనే ఎక్కువ తినేసింది, అసలు దక్కింది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు కలిసి మల్లెపూలు కొని మాలలు కట్టారు. ఒక బుద్ధిమంతుడు నోటుని బైబిల్లో సరిగ్గా తలాంతుల కథ ఉన్న పేజీలోనే పెట్టి, "భద్రంగా ఉంది టీచర్" అని తీసిచ్చాడు. వాణ్ణి ఏమనగలం? ఇంకొకడు అయిదువందల నోటు ఊపుతూ వచ్చాడు. "ఏం వ్యాపారం చేశావురా?" అంటే, "ఏం లేదు టీచర్, మా డాడీ ఇచ్చారు. అందరికంటె నాదే ఫస్టు కదా?" అన్నాడు. ఫస్టు కాదని వాడికి నచ్చచెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. వాళ్ళ డాడీకి నచ్చచెప్పడం ఇంకా మిగిలే ఉంది.

పన్నెండుమందిలో ఒకమ్మాయి రాలేదు. తరవాతి ఆదివారమూ రాలేదు. పదకొండేళ్ళ పిల్ల, పాటల్లో అందరికంటె గొంతెత్తి పాడేది. "ఆ నోటు ఖర్చయిపోయి ఉంటుంది, అందుకే రావడం లేదు" అంది మా అమ్మాయి, టీవీలోంచి తల తిప్పకుండా. ఆ మాట నా మనసులో ముల్లులా దిగింది. ఎందుకు దిగిందో చెప్పాలంటే ముందు మా అమ్మమ్మ సంగతి చెప్పాలి.

మా అమ్మమ్మది దివిసీమ. బందరులో బస్సెక్కితే చల్లపల్లి, మోపిదేవి మీదుగా పులిగడ్డ అక్విడక్టు దాటి, అవనిగడ్డలో దిగి, అక్కణ్ణించి ఇంకా లోపలికి పోవాలి. ప్రతి వేసవికీ నన్ను అక్కడ వదిలేవారు. అమ్మమ్మ వంటింట్లో పొయ్యి పక్కన మూతబిగువైన డాల్డా డబ్బా ఒకటుండేది. ఎసట్లో బియ్యం పొయ్యబోయే ముందు, కడగక మునుపే, అందులోంచి పిడికెడు తీసి ఆ డబ్బాలో వేసేది. పొద్దున ఒక పిడికెడు, రాత్రికి ఒక పిడికెడు. ఆదివారం ఆ బియ్యం కొంగులో పోసుకుని గుడికి తీసుకెళ్ళి బుట్టలో గుమ్మరించేది. అందరివీ కలిపి కొలిచి అమ్మేవాళ్ళు. ఉపదేశిగారి జీతమూ, గుడి దీపమూ చాలాకాలం ఆ బియ్యం మీదే నడిచాయట. మిగిలిన అన్నం పెట్టడం వేరు, వండకముందే తీసి పెట్టడం వేరు అని అమ్మమ్మకి గట్టి పట్టింపు. చుట్టాలొస్తే కూరలో నీళ్ళు పోసేది గానీ, ఆ పిడికెడు మానేది కాదు.

ఇది మా ఒక్కళ్ళ ఆచారమని చెప్పుకోబోవడం లేదు లెండి. ధనుర్మాసంలో హరిదాసు వాకిట్లోకి వస్తే దోసెడు బియ్యంతో పరుగెత్తి ఆయన తలమీది పాత్రలో పోసిన జ్ఞాపకం మీలో ఎంతమందికి లేదు? ఎక్కడో మిజోరంలో కూడా ఆడవాళ్ళు 1910నించీ ఇలాగే పూటకి పిడికెడు తీసిపెట్టి చర్చికి ఇస్తున్నారు. మా వైపు మాత్రం అజరయ్యగారి పేరు చెప్పాలి. తిరునల్వేలి వైపునించి 1909లో దోర్నకల్ వచ్చి, 1912లో అక్కడే బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. భారతదేశంలో ఆంగ్లికన్ చర్చికి తొలి భారతీయ బిషప్ ఆయనే. కృష్ణా జిల్లా గుళ్ళు కూడా అప్పట్లో ఆయన కిందే ఉండేవి. ఆయన మనుషుల్లో ఎక్కువమంది పల్లెల్లో కూలినాలి చేసుకునే నిరుపేదలు. వాళ్ళనించి ఏమి అడుగుతాం పాపం అని అందరూ అంటుంటే, పేదవాళ్ళని ఇవ్వడంనించి మినహాయించకూడదని ఆయన పట్టుబట్టాడు. బియ్యమో, గుడ్డో, కోడిపిల్లో, గుమ్మడికాయో, ఉన్నదే తెమ్మన్నాడు. చిన్నప్పుడు నాకు ఇదేం న్యాయమో అర్థమయ్యేది కాదు. ఇప్పుడు మాత్రం పూర్తిగా అర్థమైందంటారా, చెప్పలేను.

ఇక ఆ డబ్బా కథ. 1977 నవంబరు 19, శనివారం. కోతకి వచ్చిన చేలు. నేనింకా పుట్టలేదు, ఇదంతా అమ్మమ్మ నోట విన్నదే. గాలి ముదిరి ఇళ్ళ కప్పులు లేచిపోతుంటే అందరూ బడి డాబా మీదికి పరుగెత్తారు. తాతయ్య దస్తావేజుల పెట్టె పట్టుకున్నాడు. అమ్మమ్మ ఒక చంకలో మా పిన్నినీ, ఇంకో చంకలో డాల్డా డబ్బానీ పట్టుకుంది. తెల్లారితే ఆదివారం కదా మరి! తాతయ్య దారిపొడుగునా తిడుతూనే ఉన్నాడట. ఆ రాత్రి సముద్రం ఊళ్ళమీదికి వచ్చేసింది. ఆ ఉప్పెనలో పోయినవాళ్ళు పదివేలు దాటారని లెక్కలు చెబుతాయి. సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. అమ్మమ్మ ఆ రాత్రి సంగతి ఎప్పుడూ పూర్తిగా చెప్పేది కాదు. "నీళ్ళు మెట్టు మెట్టే ఎక్కినయ్యి" అని అక్కడ ఆపేసేది.

తెల్లవారి చూస్తే చుట్టూ ఉప్పునీళ్ళు, కళేబరాలు. నిప్పు లేదు, పొయ్యి లేదు, ఎండుపుల్ల లేదు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. అమ్మమ్మ డబ్బా మూత తీసింది. లోపల బియ్యం తడవలేదు. "అవి దేవుడివి కదే" అందిట పక్కనున్న ముసలమ్మ. అమ్మమ్మ ఏమీ అనలేదు. కొబ్బరినీళ్ళు చిలకరించి, పచ్చిబియ్యమే పిడికెడు పిడికెడు చొప్పున ముందు పిల్లలకీ, తరవాత ఒక బాలింతకీ పంచింది. నమిలి మింగారు. మొత్తం పదమూడు పిడికిళ్ళు. శనివారం రాత్రి పొయ్యి వెలగలేదు కనుక పద్నాలుగోది లేదు. ఎంతమంది తిన్నారో ఆవిడ ఏనాడూ చెప్పలేదు గానీ, ఎన్ని పిడికిళ్ళో మాత్రం ఎప్పుడడిగినా తడుముకోకుండా చెప్పేది.

నెలలు గడిచాక సాయం చేసినవాళ్ళు కట్టించిన చిన్న ఇంట్లో చేరారు. పొలంలో ఉప్పు పేరుకుని పంట లేదు. సర్కారు ఇచ్చిన బియ్యమే తిండి. ఆ బియ్యంలోంచే అమ్మమ్మ మళ్ళీ పిడికెడు తీయడం మొదలుపెట్టింది. పూటకి ఒకటి మామూలుది, వీలైన పూట ఇంకొకటి బాకీ కింద. "ధర్మబియ్యంలోంచి దేవుడికేమిటే, నీకేమన్నా పిచ్చా?" అన్నాడు తాతయ్య. తలుపు వెనక గోడమీద మేకుతో పదమూడు గీతలు గీసి, ఒక్కొక్కటే అడ్డంగా కొట్టుకుంటూ వచ్చింది. మేకుతో గీసినవి కాబట్టి క్రిస్మసుకి ఎన్నిసార్లు సున్నం వేసినా ఆ గీతలు కనిపిస్తూనే ఉండేవి.

అవి ఏమిటో నాకు తెలిసింది నా దొంగతనం పట్టుబడ్డప్పుడు. నాకు ఎనిమిదేళ్ళు. మధ్యాహ్నంపూట సైకిలు మీద పుల్లఐసు అతను వచ్చేవాడు. పైసలు లేకపోతే వడ్లకీ, బియ్యానికీ కూడా ఇచ్చేవాడు. అందరూ పడుకున్నాక డబ్బాలోంచి రెండు పిడికిళ్ళు తీసి గౌనులో పోసుకుని పరుగెత్తాను. ఎర్రరంగు ఐసు! నాలిక రంగే నన్ను పట్టిచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. మేకు చేతికిచ్చి, తలుపు వెనక్కి తీసుకెళ్ళి, తన పదమూడు గీతల కథ అంతా చెప్పి, వాటి కింద నన్ను రెండు గీతలు గీయమంది.

"నాకెక్కడివి అమ్మమ్మా బియ్యం?" అని ఏడ్చాను.

"నీ కంచంలోవి" అంది.

ఆ రాత్రి నా వంతు బియ్యం విడిగా కొలిచి, అందులోంచి నా పిడికిలితో నాచేతే డబ్బాలో పోయించింది. ఒక గీత కొట్టించింది. మర్నాడు పొద్దున్నే నాన్నగారు వచ్చి నన్ను బందరు తీసుకెళ్ళిపోయారు. రెండో గీత అలాగే ఉండిపోయింది. తరవాతి వేసవికి నేను మరిచిపోయాను. అమ్మమ్మ మరిచిపోయి ఉండదు, కానీ అడగలేదు. ఇప్పుడు ఆవిడ లేదు, ఆ ఇల్లూ మాది కాదు.

అందుకే మూడో ఆదివారం కూడా ఆ పిల్ల రాకపోయేసరికి, చిరునామా కనుక్కుని బయలుదేరాను. కాలువ అవతల ఒకే గది ఇల్లు. తల్లి బియ్యం మిల్లులో ఊకా, తవుడూ ఊడుస్తుంది. నన్ను చూడగానే ఆవిడ మొహం పాలిపోయింది.

"టీచరమ్మగారూ, పిల్ల తప్పేం లేదండి. జొరమొచ్చి వారంరోజులు మిల్లుకి పోలేదండి. ఇవ్వనని ఏడ్చిందండి, దేవుడి డబ్బులు అందండి. నేనే చేతిలోంచి లాక్కున్నానండి."

నేనేమనాలి? కారులో వచ్చే పిల్లలకీ, ఈ పిల్లకీ ఒకే వంద ఇచ్చి, ఒకే లెక్క అడిగిన నా తెలివికి ఏమనాలి? వాడికి వంద అంటే ఒక ఆట, ఈ ఇంట్లో అది ఒక మందుచీటీ. తలాంతుల కథలో ఎవరి శక్తికొద్దీ వాళ్ళకి ఇచ్చాడని ఉంటుంది. పిల్లలకి ఆ ముక్క చదివి వినిపించింది నేనే.

తలుపు వెనకనించి పిల్ల వచ్చింది. పాఠం కాగితం వెనక పెన్సిలుతో రాసుకున్నది నాకిచ్చింది. మాత్రలు 62. బ్రెడ్డు 30. మిగిలింది 8. దానితోబాటు ఎనిమిది రూపాయలూ కాగితంలో చుట్టి ఉంచింది. మా క్లాసు మొత్తంమీద ఇంత శుభ్రమైన లెక్క ఇంకొకటి రాలేదు. నా పదమూడో నోటు సంగతి అడక్కండి. పర్సులో మిగతా డబ్బులో కలిసిపోయి దేనికి పోయిందో నాకే తెలియదు.

అక్కడే గడపలో కూర్చుని పిల్లకి మా అమ్మమ్మ కథ చెప్పాను. దేవుడి బియ్యం ఆకలిగా ఉన్నవాళ్ళు తింటే దేవుడేమీ అనుకోడమ్మా అని చెప్పి, లేచి వచ్చేద్దామని నా ఆలోచన. పిల్ల శ్రద్ధగా విని, "మరి మీ అమ్మమ్మ మళ్ళీ పోసిందా టీచర్?" అంది. పోసిందని చెప్పక తప్పలేదు. గీతల సంగతి కూడా చెప్పాను, నా రెండు గీతలతో సహా.

"అయితే నేనూ పోస్తా. ఆదివారానికి అయిదు."

ఆ రాత్రి మా ఇంట్లో పెద్ద వాదన జరిగింది. "తొంభైరెండు రూపాయలకి పసిపిల్ల దగ్గర వాయిదాలు వసూలు చేస్తావా? నీ పేరు పోతుంది" అన్నారు మావారు. మా అయ్యగారు కూడా మాఫీ చేసెయ్యమ్మా అన్నారు. నాకూ అదే సుఖంగా తోచింది. మంచిదాన్నని పేరు వస్తుంది, తొంభైరెండు రూపాయల్లో అంత పేరు ఎక్కడా దొరకదు! కానీ నిద్ర పట్టలేదు. గుడి కానుకపెట్టెలో బీద విధవరాలు రెండు కాసులు వేసిన కథ ఉంది కదా. ప్రభువు ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉన్నాడు. శిష్యుల్ని పిలిచి ఆవిణ్ణి చూపించాడు. అంతేగానీ, వద్దమ్మా, నీ దగ్గర లేవు, ఉంచుకో అని ఆ కాసులు తిరిగి ఆవిడ చేతిలో పెట్టినట్టు మాత్రం ఎక్కడా లేదు. చిన్నప్పట్నించీ విన్న కథే. ఈ లోటు ఆ రాత్రే కనిపించింది నాకు. లోటో, అందులో ఉన్న గౌరవమో.

తీసుకోవడానికే నిశ్చయించుకున్నాను. తల్లికి మాత్రం, పిల్ల అడిగినా ఇంట్లో తిండికి లోటు చేసి ఇవ్వవద్దని చెప్పి వచ్చాను. ఆవిడ నవ్వింది. "మీరు చెప్పినా అది వినదండి" అంది.

ఇప్పుడు మా చర్చి గుమ్మంలో కూడా కిరాణా కొట్లోలాగే స్కాన్ చేసే బొమ్మ అంటించారు. తండ్రులు ఫోను చూపించి లోపలికి వెళ్ళిపోతారు. కానుక సంచి ముందుకొస్తే పిల్లలు ఖాళీ చేతులతో దిక్కులు చూస్తారు. నా చిన్నప్పుడు అర్ధరూపాయి బిళ్ళ మరీ చప్పుడయ్యేట్టు వేసి అమ్మచేత గిల్లించుకునేదాన్ని. ఫోనులో గిల్లడానికి ఏముంది?

ఆ పిల్ల మాత్రం బిళ్ళలే తెస్తుంది. ముగ్గుపిండి అమ్మితే ఒకటి, పక్కింటి పాపని ఆడిస్తే ఒకటి. నేను ఒక నోటుబుక్కు పెట్టి అందులో రాస్తున్నాను. మొన్న ఆదివారం అయిదు రూపాయల బిళ్ళ నా అరచేతిలో పెట్టి, నేను కళ్ళజోడు వెతుక్కునేలోపల తనే తీసివేత చేసేసింది.

"ఇంక నలభైరెండు టీచర్. మరి మీ రెండో పిడికెడు పోశారా?"

"ఇంకా లేదే" అన్నాను.

"రాసుకోండి" అని నోటుబుక్కు నా ముందుకి తోసింది.